పరాజయానంతర పునస్సంధానము
(హత్నూర వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన విశ్వకర్మ కుల వార్షిక మహాసభయందు ఒక ఉపన్యాసము చేయవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినప్పుడు, విద్యను గూర్చియో వివాహవ్యయముల తగ్గింపును గూర్చియో మాటలాడుదుమని వారు తలంచియుందురు. ఆ విషయములు ఈ వేదికమీద పలుమారులు చర్చింపబడినవి, ఇకముందును చర్చింపబడును. ఈయేడు మేము వేరొక విషయమును ఎన్నుకొంటిమి. ఎన్నికలయందు ఓడిపోయిన ఒక రాజకీయపక్షము, అందును పేదలకు అండగా నిలుతునని చెప్పుకొను మధ్యేవామపక్షము, తన్ను విడిచిపోయిన వోటరులను మరల ఏరీతిని కూడగట్టుకొనగలదు? ఇదియే నేటి ప్రశ్న. వ్యాకరణము బోధించి బ్రతికినవారికి రాజనీతితో ఏమి పని యని కొందరు నవ్వవచ్చును. సంధియు విగ్రహమును వ్యాకరణమునందును గలవు, రాజనీతియందును గలవు. ఆపాటి అధికారముతోనే మాటలాడ సాహసించుచున్నాము.

మన సంఘము ఏ పక్షమునకును అంగము కాదు. వేర్వేరు పక్షముల పెద్దలు పోషకులై మనలను ఆదరించుచున్నారు. కావున మేము ఎవరికిని వోటు వేయుడని చెప్పుటకు లేవలేదు. అయినను ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. గెలిచి బలముగా నున్న పక్షము పెద్ద సంఖ్యగల కులములతో తన లెక్కను సరిచూచుకొనును. ఊరికి నాలుగైదు ఇండ్లు మాత్రమే గల మనవంటి వారు ఆ లెక్కకు అందరు. ఓడిన పక్షమునకు ప్రతి పది వోట్లును విలువైనవే గనుక అది మన గడప త్రొక్కును. ఆనాడు మనము ఏమి అడుగవలయునో మనకు తెలియనిచో, ఒక విందుతోను ఒక భవనమునకు శంకుస్థాపనతోను వ్యవహారము ముగిసిపోవును. అందుచేత ఓడినపక్షము తిరిగి లేచు విధమును చిన్న కులములవారు పెద్ద కులములవారికంటె ఎక్కువ శ్రద్ధతో తెలిసికొనవలయును.

దృష్టాంతము కొఱకు దూరము పోనక్కరలేదు. మన తెలంగాణమునందే కాంగ్రెసుపక్షము వరుసగా రెండుమారులు ఓడి, మూడవమారు గెలిచినది. ఆ కథనే ముందుగా విచారింతము.

మన ప్రాంతము ఆ పక్షమునకు క్రొత్తది కాదు. 1977లో కేంద్రమున అధికారము కోలుపోయి, రాయబరేలీలో తానును ఓడిన ఇందిరాగాంధి, 1980లో రాయబరేలీతోపాటు మన మెదకు లోకసభ స్థానమునుండియు పోటీచేసి గెలిచి, మెదకునే నిలుపుకొనెను. 1984 అక్టోబరు 31న ఆమె మరణించునాటికి మనకే పార్లమెంటు సభ్యురాలు. ఆనాటి కూటమిలో భూమిలేని హరిజనులు, గిరిజనులు, ముసల్మానులు, ఊరి పెద్ద రైతులు, రామచంద్రాపురము భారీ విద్యుత్పరికరముల కర్మాగార కార్మికులు, అందరును ఉండిరి. ఇట్టి విశాలమైన గొడుగునకు ఒక లోపము కలదు. గొడుగు పట్టుకొన్నవాడు ఎప్పుడును ఊరి పెద్ద ఆసామియే. నడుమనున్న చేతివృత్తులవారు ఆ నీడలో నిలిచిరే గాని, కామును పట్టుకొన్నవారు కారు. 1982లో పుట్టి 1983లోనే అధికారమునకు వచ్చిన తెలుగుదేశము ఈ లోపమును కనిపెట్టి వెనుకబడిన తరగతులను తనవైపునకు త్రిప్పుకొనెను. 1994లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభయందు కాంగ్రెసునకు మిగిలినవి 26 స్థానములు. 1999లో 91 ఆయెను. 2003లో వై. ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్లనుండి ఇచ్ఛాపురమువరకు కాలినడకను పోయి, కరవుతో నలిగిన రైతునకు ఉచితవిద్యుత్తును వాగ్దానము చేసి, తెలంగాణ రాష్ట్ర సమితితోను కమ్యూనిస్టులతోను పొత్తు కూర్చుకొని, 2004లో 185 స్థానములతో పక్షమును గెలిపించెను. పది సంవత్సరములు పట్టిన పని యది.

ఇక రాష్ట్రము ఏర్పడిన పిమ్మటి కథ. 2014లో 119 స్థానములకు గాను కాంగ్రెసునకు 21 వచ్చినవి. రాష్ట్రమునిచ్చినది మేమే యని చెప్పుకొన్నను, తెచ్చినవారికే ప్రజలు పట్టము కట్టిరి. 2018 డిసెంబరులో 19 మాత్రమే. తెలంగాణ రాష్ట్ర సమితికి 88. వోట్ల లెక్కలో అది దాదాపు 47 శాతము, ఇది 28 శాతము. ఆ 19 మందిలో 12 మంది 2019లో అధికారపక్షములో కలిసిపోయిరి. 2020లో దుబ్బాక ఉపయెన్నికలో భారతీయ జనతాపక్షము 1,079 వోట్ల ఆధిక్యముతో గెలువగా, కాంగ్రెసు మూడవస్థానమునకు దిగెను. ఆ డిసెంబరులోనే హైదరాబాదు మహానగర పురపాలకసంఘములో 150 వార్డులకు దానికి దక్కినవి 2. 2021లో హుజూరాబాదులోను, 2022లో మునుగోడులోను ధరావతు కూడ దక్కలేదు. ఇక ఆ పక్షము ముగిసిన దనియే చాలమంది పెద్దలు తీర్పు చెప్పిరి. అట్టిది 2023 డిసెంబరు 3న 64 స్థానములతో గెలిచి, 7వ తేదీన ప్రభుత్వమును ఏర్పరచెను.

ఇందు మొదట గ్రహింపవలసినది 2018 నాటి పొత్తును గూర్చి. అప్పుడు కాంగ్రెసు, తెలుగుదేశము, భారత కమ్యూనిస్టుపక్షము, తెలంగాణ జనసమితి కలిసి మహాకూటమియై నిలిచినవి. కాగితముమీద కూడిక బాగుగనే యుండెను. కాని పొత్తులన్నియు ఒకే జాతివి కావు. సమాసములలో భేదములున్నట్లు పొత్తులయందును గలవు. ద్వంద్వమునందు ప్రతి పదమునకును సమాన ప్రాధాన్యము. తత్పురుషమునందు కడపటి పదమునకే ప్రాధాన్యము. బహువ్రీహియందు ఉన్న పదములకు ప్రాధాన్యము లేక, లేని యొక మూడవదానికి ప్రాధాన్యము కలుగును. చక్రపాణి యన్నచో చక్రమును కాదు, చేయియు కాదు, విష్ణువు. 2018 నాటి పొత్తును నాయకులు ద్వంద్వమనుకొనిరి. వోటరులు దానిని బహువ్రీహిగా చదివిరి. వారికి అందు కాంగ్రెసును కనబడలేదు, తెలుగుదేశమును కనబడలేదు. పొరుగురాష్ట్ర ముఖ్యమంత్రి చేతిలోనికి మన వ్యవహారము పోవునను భయము కనబడెను. కె. చంద్రశేఖరరావు ఆ భయమునే ఊరూర చెప్పి గెలిచెను. పక్షములను కూడినంత మాత్రమున వోటరులు కూడరని దీనివలన తెలియుచున్నది.

రెండవది 12 మంది ఫిరాయింపు. పైకి చూడ అది పెద్ద నష్టము. అయినను దానివలన ఒక సత్యము తేటపడెను. శాసనసభ్యుడు పోయినచోటనెల్ల వోటరులు పోలేదు. నాయకుని ఇల్లు వేరు, పక్షము పునాది వేరు. అట్లని నాయకుని లెక్కింపకుండుటయు తగదు. మన నర్సాపురము నియోజకవర్గమునే చూడుడు. ఒకప్పుడు ఇచ్చట కమ్యూనిస్టుపక్షమునుండి చిలుముల విఠలరెడ్డి పలుమారులు గెలిచెను. 1999, 2004, 2009 సంవత్సరములలో కాంగ్రెసు పక్షమున సునీతా లక్ష్మారెడ్డి గెలిచిరి. 2014, 2018లలో సమితి పక్షమున చిలుముల మదనరెడ్డి గెలిచెను. 2023లో రాష్ట్రమంతట కాంగ్రెసు గాలి వీచినప్పుడు ఇచ్చట మరల సునీతా లక్ష్మారెడ్డియే గెలిచిరి, కాని భారత రాష్ట్ర సమితి పక్షమున. ఆమెతో పోయిన గ్రామస్థాయి సంబంధములను కాంగ్రెసు తిరిగి నేయలేకపోయెను. పునాది మిగిలినను, దానిమీద ఊరూర నిలుచువారు లేనిచో గోడ లేవదు.

మూడవది పునర్నిర్మాణము సాగిన క్రమము. 2021 జూలైలో రేవంతరెడ్డి రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షత వహించెను. 2022 మే 6న వరంగల్లులో రైతు ప్రకటన చేసిరి. రెండు లక్షల రూపాయల వరకు ఋణమాఫీ, భూమిగల రైతునకే గాక కౌలుదారునకును సాయము అందలి ముఖ్యాంశములు. ఇందు ఒక సూక్ష్మము కలదు. అప్పటి ప్రభుత్వము రైతుబంధు క్రింద పట్టాదారునకు ధనమిచ్చుచుండెను. కౌలుదారునకు ఇచ్చుట లేదు. ఎదుటివాడు విడిచిపెట్టినవారు ఎవరో వెదకి వారితో మొదలుపెట్టుట సరియైన పద్ధతి. ఆ వెనుక 2022 అక్టోబరు, నవంబరు నెలలలో రాహులుగాంధి పాదయాత్ర మన పటాన్‌చెరువు, సంగారెడ్డి మీదుగనే సాగెను. 2023 మేలో యువకులకు సరూరునగరులో, జూలైలో వృద్ధులకు వితంతువులకు పింఛనును గూర్చి ఖమ్మములో, ఆగస్టులో దళిత గిరిజనులకు చేవెళ్లలో, నవంబరులో వెనుకబడిన తరగతులకు కామారెడ్డిలో, ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క సభలో మాట ఇచ్చుచు వచ్చిరి. నడుమ మేలో కర్ణాటకమున 224 స్థానములకు 135 గెలుచుటచే, ఈ పక్షము గెలువగలదను నమ్మకము ప్రజలకు కలిగెను. ఈ నమ్మకము చిన్నది కాదు. గెలువదని తోచిన పక్షమునకు, అది ఎంత మంచిదైనను, పేదవాడు తన వోటును వ్యర్థము చేసికొనడు.

ఫలమేమనగా 28 శాతము 39 శాతమయ్యెను. సమితి 47 నుండి 37కు దిగెను. స్థానములలో 64కు 39కి నడుమ ఎంతో దూరమున్నను, వోట్లలో భేదము రెండు శాతము మాత్రమే. 2024 లోకసభ యెన్నికలలో భారత రాష్ట్ర సమితికి ఒక్క స్థానమును రాలేదు. ఆ విడిచిన వోటరులలో పెక్కుమంది కాంగ్రెసువైపు రాక భారతీయ జనతాపక్షమువైపు పోయిరి. 17 స్థానములలో ఇరుపక్షములకును ఎనిమిదేసి వచ్చినవి. మన మెదకునందు గెలిచినది దుబ్బాకలో గెలిచిన ఆ రఘునందనరావే. ఒకరిని విడిచినవాడు తనంతట తాను మనయొద్దకు వచ్చునని ఏ పక్షమును అనుకొనరాదు.

ఇట్టిదే దూరదేశములందును జరిగినది. బ్రిటనులో లేబరుపక్షము 2019లో 202 స్థానములకు దిగి, 2024లో 411 గెలిచెను. స్థానములు రెట్టింపైనను వోట్లు 32 శాతమునుండి 34 శాతమునకు చేరువ వఱకే పెరిగినవి. ఎదుటివారు చీలుటచే వచ్చిన గెలుపది. జర్మనీలో సోషల్ డెమోక్రాటులు మాత్రము వేరుదారి పట్టిరి. వరుసగా ఓడి, 1959లో గోడెస్బర్గు సభయందు తమది కార్మికుల పక్షము మాత్రమే కాదు, ప్రజలందరి పక్షమని తీర్మానించుకొని, పది సంవత్సరములు ఓర్చి, 1969లో విల్లీ బ్రాంటును ప్రధానిగా కూర్చుండబెట్టిరి. మొదటిది వరద నీరు, రెండవది ఊట బావి. వరద వచ్చినప్పుడు చెరువు నిండును గాని, గట్టు వేసినవానికే అది నిలుచును.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. 2023లో సంగారెడ్డి జిల్లాయందు కాంగ్రెసు గెలిచినవి అందోలు, నారాయణఖేడు. సంగారెడ్డి, పటాన్‌చెరువు, జహీరాబాదు సమితికే దక్కినవి. హత్నూర మండలము చేరిన నర్సాపురమును అంతియే. పేదల పక్షమని చెప్పుకొను పక్షము, కార్మికులు వేలకొలది నివసించు పటాన్‌చెరువులో ఏల గెలువలేకపోయెను? మా కారణములు మేము చెప్పుదుము, మీరు ఒరసి చూడుడు.

కార్మికుడనగా ఒకనాడు భారీ విద్యుత్పరికరముల కర్మాగారములో శాశ్వతోద్యోగి, సంఘసభ్యుడు, క్వార్టరులో కాపురమున్నవాడు. నేడు పాశమైలారము, బొల్లారము, మన మండలమునందలి గుండ్లమాచునూరు వైపులనున్న ఔషధ రసాయన కర్మాగారములలో పెక్కుమంది గుత్తేదారుని క్రింది వారు. అందనేకులు బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశమునుండి వచ్చినవారు. వారి వోటు స్వగ్రామమున నుండును. వోటులేనివాని గోడు ఏ నాయకుని చెవిని పడును? 2025 జూన్ 30న పాశమైలారములో ఒక ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా ప్రాణములు కోలుపోయిరి. అందు పెక్కుమంది పరరాష్ట్రముల కూలీలే. ఇక స్థానిక యువకునకు వోటున్నది గాని, ఆ కర్మాగారములలో స్థిరమైన పని లేదు. వానికి కూలివానిపై కోపము కలుగును. పొలము అమ్ముకొన్న రైతునకు నక్కవాగులోని మురికినీటిపై కోపము. అదే కర్మాగారము మూతపడునేమో యని కూలివానికి భయము. ఇట్లు ఒకే పక్షమున నిలువవలసిన ముగ్గురు ఒకరికొకరు ఎదురుగా నిలిచియున్నారు. వీరి నడుమ సంధి కుదుర్చగల పక్షము ఇచ్చట ఇంకను కనబడలేదు. నీటిశుద్ధి, ప్రాణరక్షణ, స్థానికులకు శిక్షణ అను మూడును ఒకే కోరికలోని భాగములని ఇంటింటికిని పోయి చెప్పువాడు లేడు. రైతు ప్రకటన వరంగల్లులో జరిగినది; కార్మిక ప్రకటన పటాన్‌చెరువులో జరుగలేదు.

రెండవ కారణము మనవంటి చేతివృత్తుల చిన్నకులములు. 2023 జూన్‌లో అప్పటి రాష్ట్రప్రభుత్వము చేతివృత్తులవారికి లక్ష రూపాయల సాయమును ప్రారంభించెను. సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము 18 వృత్తులకు విశ్వకర్మ పథకమును ప్రారంభించెను. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతము వడ్డీకి మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల ఋణము అందలి యంశములు. ఆ దినముననే తుక్కుగూడలో కాంగ్రెసు తన ఆరు హామీలను ప్రకటించెను. అందు స్త్రీకి, రైతునకు, కూలికి, విద్యార్థికి, వృద్ధునకు స్థానము కలదు. కొలిమి ముందు కూర్చున్నవానికి, బాడిస పట్టినవానికి ప్రత్యేకమైన స్థానము లేదు. ఒకరు మన కులదేవత పేరు పెట్టి వచ్చిరి, ఒకరు లక్ష పట్టుకొని వచ్చిరి. పేదల పక్షము మనలను జనబాహుళ్యములో కలిపి లెక్కించెను. 2024 చివర జరిగిన సమగ్ర సర్వే ప్రకారము వెనుకబడిన తరగతులవారు ముస్లిములతో కలిపి 56 శాతమునకు పైబడియున్నారు. 2025 మార్చిలో శాసనసభ వారికి 42 శాతము ప్రాతినిధ్యమునకు బిల్లులు ఆమోదించెను. స్థానికసంస్థలకై వెలువరించిన ఉత్తర్వును అక్టోబరులో హైకోర్టు నిలిపివేసెను. ఆ 42 శాతము వచ్చినను, ఊరికి నాలుగిండ్లవానికి సర్పంచు పదవి వచ్చునా? రాదు. వెనుకబడిన తరగతులను మాట ఒక ద్వంద్వ సమాసము కావలయును. నేడది ఏకశేషముగా నున్నది. పెద్ద కులమొక్కటి మిగిలి, తక్కినవన్నియు అందే యున్నవని ఊహించుకొనవలసి వచ్చుచున్నది.

కావున ఓడినపక్షమునకు, అది కాంగ్రెసు గానిండు, నేడోడిన భారత రాష్ట్ర సమితి గానిండు, మేము మనవి చేయునవి నాలుగు మాటలు.

మొదటిది: ఓటమికి కారణము తెలియకమునుపు క్రొత్త పొత్తులకై పరుగిడవలదు. ప్రతి పోలింగు కేంద్రమునందును మనలను విడిచినదెవరు, ఎచ్చటికి పోయిరి, ఏల పోయిరి యని వ్రాసికొనవలయును. నాయకుని అడిగినచో ధనమని చెప్పును. వోటరును అడిగినచో కారణము చెప్పును.

రెండవది: కూటమిలోని వర్గములకు పరస్పరవిరోధము లేని కోరికను వెదకవలయును. కౌలుదారునకిచ్చినచో పట్టాదారుడు అలుగును. కార్మికునకిచ్చినచో చిన్న కార్ఖానాదారుడు అలుగును. వీరినందరిని కలుపునవి పాఠశాల, వైద్యశాల, త్రాగునీరు. ఇవి ఒకరినుండి తీసి ఒకరికిచ్చునవి కావు.

మూడవది: మాట కొంచెముగా ఇచ్చి నిండుగా చెల్లింపవలయును. ప్రభుత్వము ఏర్పడిన రెండవ దినమునకే, 2023 డిసెంబరు 9న, స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము మొదలయ్యెను. అది ఊరూర కనబడెను. 2024లో ఋణమాఫీ విడతలుగా సాగెను. స్త్రీలకు నెలకు 2,500 రూపాయలను మాట మాత్రము మొదటి సంవత్సరమున అమలునకు రాలేదు. చెల్లించిన రెంటిని మెచ్చుకొను నోటితోనే చెల్లింపని ఒకదానిని గూర్చి అడుగుదురు. వాగ్దానము అప్పుపత్రము వంటిది. దానిపై వడ్డీ పెరుగుచుండును.

నాలుగవది: యెన్నికలు లేని సంవత్సరములలో ఊరిలో కనబడవలయును. రేషను కార్డు కొఱకు, ఆసుపత్రి చీటి కొఱకు, కర్మాగారములో గాయపడినవాని పరిహారము కొఱకు కార్యాలయమునకు వెంటబోవు ఒక మనిషి ప్రతి గ్రామమునందు ఉండవలయును. కమ్యూనిస్టులు ఒకప్పుడు నర్సాపురములో బలము గడించినది ఇట్లు జనము నడుమ నిలిచియే.

ఇక మనమాట. పక్షములవారు మన గడప త్రొక్కునప్పుడు మనము భవనము నడుగక వీనిని అడుగుదము. మన పిల్లలకు పారిశ్రామిక శిక్షణ సంస్థలలో తగినన్ని స్థానములు. శిక్షణ పొందినవారికి ఈ పారిశ్రామికవాడలలోనే గుత్తేదారుని ప్రమేయములేని ఉద్యోగములు. కొలిమికిని వడ్రంగి పనిశాలకును తక్కువ ధరకు విద్యుత్తు. పనిలో గాయపడిన చేతివృత్తివానికి భీమా. చిన్నకులములకు స్థానికసంస్థలలో నామినేషను ద్వారానైనను ఒక గొంతు. వీనిని వ్రాతమూలకముగా అడిగి, వారి సమాధానమును వ్రాతమూలకముగానే పొంది, మరుసటి వార్షికసభలో చదివి వినిపింతము. ఏ పక్షము ఎంత చెల్లించినదో అప్పుడు సభయే తీర్పు చెప్పును. కులమంతయు ఒకే పక్షమునకు గుత్తగా వోటు వేయవలయునని మేము చెప్పము. ఆ వోటు ప్రతి మనుష్యుని స్వంతసొత్తు. కోరికయందు మాత్రము ఐకమత్యము ఉండవలయును.

నాగలికి కర్రు చేసియిచ్చినవారము, బండికి చక్రము చేసియిచ్చినవారము మనము. బండిచక్రమునకు ఆకులన్నియు సమముగా నుండనిచో అది నాలుగడుగులైనను సాగదని మనకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆ మాటను రాజకీయపక్షములవారికి చెప్పు అర్హత మనకున్నది. చెప్పు ధైర్యమును ఈ సభ మన యువకులకు ఇచ్చుగాక యని ప్రార్థించుచున్నాము.